ఇంటిపేరు వెనక్కి, కామా ముందుకి

కడప ఏడురోడ్ల కూడలికి కాస్త ఎడంగా, ఒక సందులో డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కర్మంతరం కార్డులు, పీహెచ్‌డీ థీసిస్‌లు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే పుడతాయి. మే నెల, మధ్యాహ్నం మూడు. కూలర్లో నీళ్లు అయిపోయాయి. లోపల నలుగురున్నారు. థీసిస్ మీద ఆరేళ్లుగా కూర్చున్న స్కాలరు, అతని మీద ఆరేళ్లుగా కూర్చున్న గైడు, షాపు అన్న, మనవరాలి పెళ్లి పత్రిక ప్రూఫు దిద్దుకోడానికి వచ్చిన రిటైర్డు తెలుగు అయ్యవారు. ఏ విశ్వవిద్యాలయం అని అడక్కండి. సీమలో ఇప్పుడు కొదవ వానలకే గానీ వాటికి కాదు.

థీసిస్ పేరు ‘వేమన నుంచి కేతు విశ్వనాథరెడ్డి దాకా సీమ మాట’. అందులో మూడు వందల పేజీలు గైడు తిప్పి చూశాడు. చివరి పన్నెండు పేజీలు మాత్రం చదివాడు. అవి రెఫరెన్సులు.

గైడు: ఎన్నిసార్లు చెప్పాలయ్యా? రచయిత ఇంటిపేరు ముందుండాలి. తర్వాత కామా, పొడి అక్షరాలు, బ్రాకెట్లో సంవత్సరం, చుక్క. ఏపీఏ ఏడో ముద్రణ!

స్కాలరు: ముందే ఉంది గదా సార్. కేతు విశ్వనాథరెడ్డి. కేతు ఇంటిపేరే.

గైడు: ఇంటిపేరంటే మీ ఇంట్లో అనుకునేది కాదు. చివర ఉండేది. ‘రెడ్డి, కె.వి.’ అని రాయి.

అయ్యవారు: చివర ఉండేది కులం కదా నాయనా?

గైడు: ఫార్మాట్‌కు కులం ఉండదండీ.

షాపు అన్న: ఎందుకుండదు అయ్యవారూ, నిన్న సారు చెప్పినట్ల తిప్పితే ‘రెడ్డి’ కింద పందొమ్మిది మంది వరసగా నిలబడినారు. సర్పంచి నామినేషన్ల మాదిరుంది. ఇంకో తమాషా చూడండి. ‘రెడ్డి, కె.వి. (1947). యోగి వేమన.’ దాని కిందనే ‘రెడ్డి, కె.వి. (1974). జప్తు.’

అయ్యవారు: మొదటాయన తాడిపత్రి కె.వి. రెడ్డి. మాయాబజార్ తీసినాయన.

షాపు అన్న: మనకు తెలుసు. జాబితాకు తెలీదు గదా! దీని లెక్కన 1939లో పుట్టిన కేతు సారు ఎనిమిదేళ్లకే నాగయ్యను పెట్టి సినిమా తీసినాడు, ఆనక తీరిగ్గా కథలు రాసి 1996లో అకాడమీ అవార్డు తెచ్చుకున్నాడు.

స్కాలరు: కడప జిల్లా ఊర్ల పేర్ల మీదనే డాక్టరేట్ చేసినాయన సార్ ఆయన. ఏ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో తవ్వి తీసినాడు. ఆయన పేరునే మనం తల్లకిందులు చేస్తే...

గైడు: సెంటిమెంటు వద్దు. రాచమల్లు రామచంద్రారెడ్డి ఏరీ?

షాపు అన్న: రా.రా. గారు గదా? తిప్పినా సార్. ‘రెడ్డి, ఆర్.ఆర్.’ ఆర్ ఆర్ ఆర్. ప్రింటు తీస్తాంటే మావాడు, ఈ సినిమా గూడా ఈ థీసిస్‌లో ఉందా అని అడిగినాడు.

(‘సంవేదన’ నడిపి సగం తెలుగు రచయితలకు నిద్ర లేకుండా చేసిన మనిషికి ఈ గతి పట్టింది. బతికుంటే ఈ ఫార్మాట్ మీదే ఒక వ్యాసం రాసి ఉండేవాడు.)

అయ్యవారు: జానుమద్ది హనుమచ్ఛాస్త్రి?

స్కాలరు: ‘శాస్త్రి, జె.హెచ్.’ అయ్యవారూ.

అయ్యవారు: శివశివా. బ్రౌన్ దొర బంగళా ఉన్న జాగాలో లైబ్రరీ కట్టాలని ఆ మనిషి తిరగని గడప లేదు. ఇప్పుడు ఆ లైబ్రరీకే పోయి ‘శాస్త్రి’ అని అడిగితే, ఏ శాస్త్రి అంటారు. దొర పేరెట్లుంది?

స్కాలరు: ‘బ్రౌన్, సి.పి.’

అయ్యవారు: చూసినావా. ఇన్ని పేజీల్లో తన పేరుతో తాను మిగిలింది ఆయనొక్కడే. జీతం డబ్బులతో పండితుల్ని పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి 1829లో వేమన పద్యాలు అచ్చేసినాడు. పదేళ్లకు ఇంకా పెంచి మళ్లీ వేసినాడు. మన పేర్లు మాత్రం ఎప్పుడూ తిప్పలేదు.

గైడు: వేమన ఎంట్రీలో పొడి అక్షరాలు లేవేంటి? అసంపూర్ణం.

స్కాలరు: ఆయనకు ఉండేదే ఒక్క పేరు సార్.

గైడు: యోగి వేమన కదా! ‘వేమన, వై.’ సంవత్సరం?

స్కాలరు: ఎవరికీ తేలలేదు సార్.

గైడు: ‘తేదీ లేదు’ అని రాయి. చివర డీఓఐ నంబరు వెయ్యి.

స్కాలరు: తాళపత్రానికి డీఓఐ...

అయ్యవారు: బెజ్జం ఉంటుంది నాయనా, దారం దూర్చడానికి. అది చాలదా?

గైడు ఆ పేజీ తిప్పాడు. తర్వాతిది రాళ్ల పేజీ. నాకు నచ్చిన పేజీ కూడా అదే.

గైడు: ‘ధనంజయుడు, ఇ.ఎమ్.’ ఎవరు? ఏ డిపార్ట్‌మెంటు?

స్కాలరు: ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సార్. రేనాటి చోళుడు. క్రీ.శ. 575 ప్రాంతంలో కలమళ్ల శాసనం వేయించినాడు. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం.

గైడు: పబ్లిషర్?

స్కాలరు: ఆయనే సార్.

గైడు: సెల్ఫ్ పబ్లిష్డ్! బయటి పరీక్షకుడు ఒప్పుకోడు. పేజీ నంబరు?

స్కాలరు: బండ సార్ అది. గుడి ఆవరణలో ఉంది. ఎర్రగుంట్ల పక్కనే, బస్సెక్కితే గంట. మీరు చూసి ఉంటారనుకున్నా.

గైడు: నేను పీడీఎఫ్‌లో చూశాను.

షాపు అన్న: దీని కింద ఇంకోటుంది. ‘అశోకుడు. (క్రీ.పూ. మూడో శతాబ్దం). ఎర్రగుడి.’ కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర. మా అమ్మ పుట్టినూరు ఆ దిక్కే. చిన్నప్పుడు ఆ గుండ్ల మీద జారినాం.

గైడు: రచయిత పేరు అశోకుడని రాతి మీద ఉందా?

స్కాలరు: దేవానాంపియ అని ఉంటుంది సార్. బిరుదు.

గైడు: అయితే ‘పియ, డి.’ అనాలి.

అయ్యవారు: (పెళ్లి పత్రిక పక్కన పెట్టి) ఆ ఎర్రగుడిలో ఒక విశేషముంది, విను నాయనా. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి. మడక సాలు పోయి మళ్లుకోనొచ్చినట్ల. ఇంటిపేరు ముందా వెనకా అనే పేచీ ఆ చెక్కినోడికి లేదు. రెండు దిక్కులా తోలినాడు.

గైడు: అది తప్పు ఫార్మాట్.

అయ్యవారు: తప్పుల సంగతి గూడా అక్కడే ఉంది. పద్నాలుగో శాసనంలో రాజు ముందే చెప్పేసినాడు, కొన్నిచోట్ల సగమే రాసి ఉండొచ్చు, చెక్కినోడి పొరపాటూ ఉండొచ్చు అని. అంత రాజు తప్పుల్ని ముందే ఒప్పుకున్నాడు. నువ్వు కామా దగ్గర కూర్చున్నావు.

షాపు అన్న: ఆ మాట నా షాపు బోర్డు మీద రాయించల్ల అయ్యవారూ.

గైడు: (దగ్గి) కైఫీయత్తులకు రచయిత మెకంజీ అని వేశావు. బావుంది. ఇంటిపేరు ముందుంది.

స్కాలరు: రాసిచ్చింది ఊరూరి కరణాలు సార్...

గైడు: వాళ్ల ఇనీషియల్స్ ఉన్నాయా? లేవు కదా. మెకంజీయే ఉండనీ. ఇదేమిటి, ప్రతి పుస్తకానికీ చివర ఊరి పేరు రాశావు? కడప, ప్రొద్దుటూరు, కర్నూలు... ఏడో ముద్రణలో ఊరు తీసేశారయ్యా. ప్రచురణకర్త చాలు.

షాపు అన్న: పోనీలే, నాకొక పీడ పోయింది. ఇంగ్లీషు పుస్తకాలకు కడప పాత స్పెల్లింగా, 2005లో మార్చిన కొత్తదా అని మూడు రోజులు పేచీ. 2010లో మళ్లీ వైఎస్సార్ జిల్లా అన్నారు.

అయ్యవారు: కర్నూలుకైతే ఇది అలవాటే. 1953లో రాజధాని అని పెట్టినారు, 1956లో తీసేసినారు. ఇప్పుడు పుస్తకాల చివర్నుంచి గూడా తీసేస్తాండారు. ఈ ముద్రణలు వేసేదెవరు నాయనా?

గైడు: అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం. 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. ఇప్పుడు నాలుగు వందలు దాటింది.

అయ్యవారు: మనసు శాస్త్రజ్ఞులా? అయితే సరే. మనుషులు కామా కోసం ఎంత దూరం పోతారో చూడ్డానికే పెట్టుంటారు.

గైడు: ముగ్గురు, అంతకంటే ఎక్కువ రచయితలుంటే వ్యాసంలో మొదటివాడి పేరు రాసి ‘తదితరులు’ అంటే సరిపోతుంది. చూడండి ఎంత సులువో.

అయ్యవారు: (పత్రిక చూపించి) ఇందులో అట్ల వేస్తే మా వియ్యంకుడు పీటల మీద నుంచి లేచిపోతాడు. చిన్నమామ పేరు మూడో వరసలోకి పోయిందనే రెండు రోజులుగా ఈ ప్రూఫు.

ఇటాలిక్స్ గురించి ఎక్కువ చెప్పను. తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే సంక్రాంతికి తాగొచ్చిన బావమరిదిలా ఉంటుంది. అను ఫాంట్లో కొట్టింది యూనికోడ్‌లోకి మారిస్తే ఒక్కో వత్తు ఒక్కో దిక్కుకు పోతుంది. రెండో లైను అరంగుళం లోపలికి జరపాలని గైడు అన్నప్పుడు, షాపు అన్న స్పేస్‌బార్ మీద వేలు పెట్టి పన్నెండు పేజీలూ జరిపాడు. ఒక్క పేరు చేర్చినా అంతా మళ్లీ కదులుతుందని ఆయనకు తెలుసు. పేజీకింత అని తీసుకుంటాడు కాబట్టి బాధ లేదు.

షాపు అన్న: ఒకటి అడుగుతా సార్. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఈ పేజీల్ని గూడా లెక్కపెడ్తాదా?

గైడు: లేదు. యూజీసీ 2018 నిబంధనలు. పోలిక పది శాతం దాకా ఫర్వాలేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రెఫరెన్సులు ఆ లెక్కలోకి రావు.

షాపు అన్న: అంటే ఇంత పుస్తకంలో భయం లేకుండా కాపీ కొట్టుకోదగింది ఈ పన్నెండు పేజీలే. దాన్నే ఇంత జాగ్రత్తగా చూస్తాండారు!

గైడు: (వినబడనట్టు) ఇదెవరు? ‘జేజి, మైదుకూరు.’

స్కాలరు: మా జేజి సార్. కపిల, గుంటక, గొర్రు, సేద్యం మాటలన్నీ ఆమె చెప్పినవే. నాలుగో అధ్యాయమంతా ఆమెదే.

గైడు: కొట్టెయ్. అది వ్యక్తిగత సంభాషణ. వ్యాసంలో బ్రాకెట్లో రాసుకో, జాబితాలో పెట్టకూడదు. పాఠకుడు వెతికితే దొరకని ఆధారం అది.

స్కాలరు: యాడికి పోతాది సార్? అరుగు మీదనే ఉంటాది. ఫోన్ చేస్తే రెండో రింగుకు ఎత్తుతాది.

గైడు: లింకుందా?

షాపు అన్న: లింకంటే గుర్తొచ్చింది. ఈ చివరి పేజీలో మీ వ్యాసాలు పదకొండు ఉండాయి సార్. అన్నీ ఒకే సంవత్సరం. 2019అ, 2019ఆ, 2019ఇ... అట్లా 2019ఒ దాకా. ఇంకొకటి రాసుంటే ‘ఓ’ అనల్సొచ్చేది. లింకులన్నీ నొక్కి చూసినా. పత్రిక వెబ్‌సైటే లేదు. ఆ పేరు మీద ఇప్పుడెవరో చీరలు అమ్ముతాండారు.

గైడు: అది... సర్వర్ సమస్య. లింకులు తీసేసి మిగతాది ఉంచు.

షాపు అన్న: ఇంకో చిన్న తేడా సార్. ఎర్రపెన్ను ఈ పేజీలో పడలేదు గాని, ఈ పదకొండిట్లో ఇంటిపేరు ముందే ఉంది. కామా లేదు, పొడి అక్షరాలు లేవు, పేరు మొత్తం ఉంది. ముందర ‘ఆచార్య’ గూడా ఉంది. తిప్పేదా?

(అందరూ స్కాలరు వైపు చూశారు.)

స్కాలరు: గురువు పేరు తల్లకిందులు చెయ్యడానికి... చెయ్యి రాలేదు సార్.

గైడు కళ్లద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఆ పేజీని మొదటిసారి పైనుంచి కిందిదాకా నెమ్మదిగా చదివాడు.

గైడు: అవి అట్లనే ఉండనీ.