అన్యలోకాన్వేషకులకు ఆచరణయోగ్యమైన కొన్ని సూచనలు

కొల్లాపూరు మామిడితోటలలో పుట్టి పెరిగి, చైత్రవైశాఖముల రాత్రులందు కాయకు కావలిగా నులకమంచము వేసికొని, నిద్ర రానపుడెల్ల ఆకాశమును చూచి చూచి, ఈ చుక్కలలో దేని చుట్టునైనను మన భూమివంటి భూమి యొకటి తిరుగుచున్నదేమో, దానిపై ప్రాణి యేదైనను మసలుచున్నదేమో తేల్చుకొనవలెనను సంకల్పము కలిగిన యువతీయువకుల హితము కోరి ఈ సూచనలు వ్రాయబడుచున్నవి. అట్టివారు చేయవలసిన మొదటిపని, ఆ మంచము దిగి, నక్షత్రములు కనబడు ఈ ప్రాంతమును వీలైనంత త్వరగా విడిచిపోవుట. ఇది విడ్డూరముగ తోచవచ్చును గాని, సౌరేతర గ్రహములను గూర్చిన శాస్త్రము నేడు వర్ధిల్లుచున్నది పెద్ద హోటళ్ళలో, కిటికీలు లేని సభాశాలలలో, మెడలో పేరుబిళ్ళ వ్రేలాడవేసికొని కాఫీకొరకు వరుసకట్టి నిలుచున్న జనసమూహములలో అని యెరిగినవారికి ఆ విడ్డూరము తీరిపోవును. సోమశిల రేవున చీకటి యెంత చిక్కనిదైనను, నల్లమల కొండల మీదుగా వృశ్చికరాశి యెంత స్ఫుటముగ లేచి వచ్చినను, దానిని చూచినందుకు మనకు హాజరుపత్రమైనను ఇచ్చు నాథుడు లేడు.

1995వ సంవత్సరమున మేయర్, కెలో అను స్విట్జర్లాండు పండితు లిరువురు, 51 పెగాసి యను నక్షత్రమును నాలుగు దినములకొక మారు చుట్టివచ్చు గ్రహము నొకదానిని కనిపెట్టిరి. 2019లో వారికి నోబెల్ బహుమానము దక్కినది. 2025 సెప్టెంబరు నాటికి అట్టి గ్రహముల లెక్క 6,000 దాటినదని నాసావారు చాటినారు. గ్రహములు పెరిగినకొలదిని సభలును పెరిగినవి. ఖగోళ జీవశాస్త్రజ్ఞులకు అమెరికాలో రెండేండ్లకొకమారు జరుగు ‘అబ్‌సైకాన్’ కలదు. ‘ఎక్సోప్లానెట్స్’ అను పేర ఊరు మార్చుకొనుచు సాగి, 2024లో లైడెన్ నగరమున విడిది చేసిన సభ కలదు. ‘ఎక్స్‌ట్రీమ్ సోలార్ సిస్టమ్స్’ అను మరియొక మహాసభ 2007లో గ్రీసుదేశపు సాంటొరీని ద్వీపమునను, 2015లో హవాయిలోను, 2019లో ఐస్‌లాండునను జరిగినది. ఈ స్థలనిర్ణయమును పరిశీలించినవారికి, అన్యలోకములందలి జీవమును గూర్చిన చింతన విహారయాత్రికులు మెచ్చిన సముద్రతీరములందే చక్కగా సాగునని బోధపడకపోదు. నీరు ద్రవరూపమున నిలువగల చోటే నివాసయోగ్యమని నిర్వచించిన ఈ శాస్త్రము, ఊళ్ళకు ఊళ్ళను ముంచి శ్రీశైలము జలాశయపు నీరు గడపదాక వచ్చి నిలిచిన సోమశిలను మాత్రము ఇంతవరకు నివాసయోగ్య మండలమున చేర్చుకొనలేదు. లాంచీ కలదు, కాకరకాయ వేపుడుతో కృష్ణ చేపల పులుసు కలదు, కొరత యేమో తెలియదు.

సభకు పోదలచినవారు గడువుతేదీల నెరుగవలెను. కొన్ని సభలవారు గడువును ‘భూమిపై నెచ్చటనైనను’ అను ప్రమాణముచే లెక్కింతురు. అనగా పసిఫిక్ మహాసముద్రమధ్యమున ఎక్కడో ఒకచోట ఆ దినము ముగియువరకు గడువు ముగియదు. భారతకాలమానము ప్రకారము అది మరునాటి సాయంకాలము 5 గంటల 29 నిమిషములగును. కావున పత్రమును పంపుటకు మరునాటి సాయంకాలము 5 గంటల 28 నిమిషములే సుముహూర్తమని పూర్వులు నిర్ణయించిరి. ఆ నిమిషముననే మన ఊరిలో కరెంటు పోవుట కూడ శాస్త్రసమ్మతమే.

ఇక సంక్షిప్తపత్రము వ్రాయు విధానము. ఇది కొంత నిదానముగ చెప్పదగిన విషయము. తోటను గుత్తకు పట్టిన పెద్దలలో ఒకరికి మీ పరిశోధనను ముందుగా వినిపింపుడు. సంభాషణ ఇంచుమించు ఇట్లు నడుచును:

“ఆడ నీళ్లున్నయా బిడ్డా?”

“ఉండొచ్చు పెద్దనాయినా.”

“మనుషులున్నరా?”

“తెల్వది.”

“ఎంత దూరముంటది?”

“వెలుతురే ఆడికెల్లి ఈడికి రానీకె నూట ఇరువై నాలుగేండ్లు వడ్తది.”

“మరి ఏం జెప్పనీకె పోతున్నవ్ రా గంత దూరం?”

ఈ కడపటి ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పకుండ 250 పదములు వ్రాయగలిగితిరా, మీ పత్రము స్వీకృతమైనదన్నమాటే. ప్రత్యుత్తరము చెప్పితిరా, అది జనరంజక వ్యాసమగును. దానిని పత్రికలకు పంపుకొనవచ్చును. ఉదాహరణమునకు, కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ గారి బృందమువారు కె2-18బి యను గ్రహపు వాయుమండలమును జేమ్స్ వెబ్ దూరదర్శినితో పరీక్షించి, 2023లో మీథేను, కార్బన్ డయాక్సైడులు కలవనియు, 2025 ఏప్రిలులో డైమిథైల్ సల్ఫైడు వంటి పదార్థపు జాడలు కానవచ్చుచున్నవనియు ప్రకటించిరి. భూమిపై ఆ పదార్థమును పుట్టించునవి ముఖ్యముగ సముద్రపు సూక్ష్మజీవులు. ఆ జాడ కాకతాళీయమగుటకు నూటికి 0.3 వంతు అవకాశము కలదని, అనగా తమ నిశ్చయము ‘మూడు సిగ్మాల’దని, ఆవిష్కారమని చెప్పుటకు అయిదు సిగ్మాలు వలయునని వారే స్పష్టముగ వ్రాసికొనిరి, ఇతర బృందములవారు అదే దత్తాంశమును మరల తిరుగవేసి, అంతమాత్రపు నిశ్చయమునకైనను ఆధారము చాలదనిరి. అయినను ఆ వార్త లోకమంతట తిరిగి మన ఊరి హోటలు బల్లమీదికి చేరునప్పటికి, ఆ గ్రహమున చేపలు కలవా, ఉన్నచో కిలో యెంత అను దశకు వచ్చినది. కావున నేర్చుకొనవలసిన దేమనగా, పత్రమున ‘సూచనలు’, ‘సంభావ్యత’, ‘తోసిపుచ్చజాలము’ అను మాటలను ఉప్పు జల్లినట్లు జల్లవలెను; ‘జీవము’ అను మాటను విలేఖరుల వంతుకు విడువవలెను. వారెట్లును విడువరు.

పత్రము స్వీకృతమైన పిదప ధనచింత. జాతీయపరీక్ష నెగ్గిన పరిశోధక విద్యార్థికి ప్రభుత్వ మిచ్చు వేతనము 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. సభాప్రవేశశుల్కము వందల డాలర్లు. విమానము, బస, భోజనము దానికి మీదు. ప్రయాణసహాయ మిచ్చు సంస్థలు లేకపోలేదు. వారి పద్ధతి యేమనగా, మీరు ముందు పోయిరండు, రసీదులును, విమానము నెక్కినట్లు ఋజువుపత్రములును అసలైనవి భద్రపరచి తెండు, పిమ్మట మేము విచారింతుము అని. పోవుటకు ధనము లేనివానికి పోయివచ్చిన పిదప ధనమిచ్చు ఈ విధానమున ఒక గంభీరమైన వేదాంతము కలదు. తరువాత వీసా. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సలేటు కిటికీముందు నిలిచినపుడు, మీరు పరలోకములను గూర్చి చదువుచున్నవారని తెలిసినను, అధికారికి కావలసినది మీరు ఇహలోకమున ఏ యూరికి తిరిగిపోవుదురన్నది మాత్రమే. ఇట్టి సందర్భమున, 124 కాంతివత్సరముల దూరమందలి గ్రహమును గూర్చిన మీ జ్ఞానమంతయు నాన్నగారి పేరనున్న పట్టాదారు పాసుపుస్తకము ముందు దిగదుడుపు.

సభలకు పోలేనివారు నిరాశ చెందనక్కరలేదు. మనకు ఘనమైన పూర్వోదాహరణ మొకటి కలదు. 1887లో పారిస్ నగరమున ఖగోళవేత్తల మహాసభ యొకటి కూడి, ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టిక కట్టవలెనని తీర్మానించి, ఆకాశమును భూముల పంపకము వలె మండలములుగ కోసి దేశదేశముల వేధశాలలకు పంచిపెట్టినది. ఆనాడు హైదరాబాదులో వేధశాలయే లేదు. 1901లో గదా నవాబు జఫర్ జంగు గారు ఇంగ్లండునుండి దూరదర్శినిని తెప్పించి నిజామియా వేధశాలకు అంకురార్పణ చేసినది! అయితే చిలీదేశపు శాంటియాగోవారు తమ వంతు పని పూర్తిచేయజాలక చేతులెత్తివేయగా, దక్షిణమున 17 నుండి 23 భాగల వరకు గల ఆ మండలము బేగంపేటలోని ఈ వేధశాలకు వచ్చి చేరినది. పిదప జర్మనీలోని పోట్స్‌డామువారు విడిచిన ఉత్తరమండలములో నొక తునకయు వచ్చినది. ఛాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ గార్ల యాజమాన్యమున, రాత్రి తరువాత రాత్రిగా, గాజుపలకల మీద చుక్క తరువాత చుక్కగా, ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రములు కొలవబడి సంపుటములుగ అచ్చుపడినవి. దీనివలన తేలిన సూత్రము: సభకు పోయినవారు పని పంచుకొందురు, వారు విడిచిపెట్టిన పని సభకు పోనివారిని వెదకికొనుచు వచ్చును. ఓపికతో ఇంటనుండుడు.

ఆకాశమును స్వయముగ చూడవలెనను మొండిపట్టు గలవారికి రంగాపురము కలదు. నాగార్జునసాగరము త్రోవలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968 ప్రాంతమున నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శిని అచ్చటిది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము ప్రవేశశుల్కము లేకయే దక్షిణ తెలంగాణము మీదుగా పోయినపుడు, శాస్త్రజ్ఞులు పరికరములతో అచ్చటికి తరలివచ్చిరి. చుట్టుపట్ల జనము తలుపులు బిగించుకొని లోపల కూర్చుండిరి. తరువాత నగరపు వెలుతురు ఆ దిక్కునకు ప్రాకినది, దూరదర్శిని మూలపడినది. చూడబోవువారు దానిని చూడవచ్చును. దానిలోనుండి చూచుట వేరు మాట.

సభాస్థలమున నడవడిని గూర్చి హెచ్చుగ చెప్పనక్కరలేదు. మీకు ప్రసంగము దొరకదు, పోస్టరు దొరకును. దాని ప్రక్కన రెండు గంటలు నిలువబడవలెను. వచ్చువారు పేరుబిళ్ళ చూతురు, పోస్టరు చూడరు. ఎవరైనను ఆగినచో, భోజనశాల త్రోవ యడుగుటకే ఆగిరని తెలిసికొని, మర్యాదగ చూపవలెను. ప్రసంగములపై ప్రశ్న వేయదలచినచో “ఇది ప్రశ్న కాదు” అని ఆరంభించుట పెద్దల సంప్రదాయము.

గ్రహమును కనుగొను భాగ్యము లేనివారు పేరు పెట్టు భాగ్యమునకైనను ప్రయత్నింపవచ్చును. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు దేశమునకొక నక్షత్రమును పంచిపెట్టగా, మనవారు తమ వంతు నక్షత్రమునకు భౌతికశాస్త్రజ్ఞురాలు బిభా చౌధురి గారి పేర ‘బిభా’ యనియు, దాని గ్రహమునకు ‘సంతమస’ యనియు పేరు పెట్టిరి. నామకరణమున ఇంతకన్న లౌక్యమైన మార్గమొకటి మన హైదరాబాదులోనే కలదు. ఈ సీమలో అన్యలోకజీవుల కొరకు జరిగిన నిజమైన వేట అదియే గనుక కొంత వివరించెదను.

టాటా మౌలికపరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969 నుండి హైదరాబాదున నున్నది. 2005 ఏప్రిల్ 20న అచ్చటినుండి ఇస్రోవారి సహాయమున ఒక మహాబెలూను ఎగిరినది. జయంత నార్లికర్ గారు ఆ ప్రయోగమునకు సూత్రధారి. 38 కిలోల ద్రవనియానులో మునిగిన, 459 కిలోల బరువుగల పరికరము, శుద్ధిచేయబడిన ఉక్కుగొట్టములతో, 20 మొదలు 41 కిలోమీటర్ల యెత్తున గాలిని పట్టి తెచ్చినది. ఆ గాలిని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనాలయమగు సిసియంబివారును, పూనాలోని ప్రయోగశాలవారును పరీక్షింపగా 12 బాక్టీరియా కుదురులు, 6 బూజులు తేలినవి. వానిలో మూడు బాక్టీరియాలు మునుపెన్నడు నెరుగని జాతులని 2009లో ప్రకటింపబడినది. అవి పైలోకమునుండియే వచ్చినవని ఇది నిర్ధారించుట లేదని ఇస్రోవారు వెంటనే జాగ్రత్తపడిరి. పేర్ల సంగతి చూడుడు: ఒకటి, జీవము అంతరిక్షమునుండి వచ్చినదని వాదించిన ఫ్రెడ్ హోయిల్ గారి పేర జానిబాక్టర్ హోయ్లీ, ఒకటి ఆర్యభటుని పేర బాసిలస్ ఆర్యభట, మూడవది బాసిలస్ ఇస్రోనెన్సిస్. సిద్ధాంతకర్తకొకటి, పూర్వికులకొకటి, పోషకసంస్థకొకటి. ప్రయాణసహాయము నపేక్షించువారు ఈ మూడవదానిని కంఠస్థము చేయవలెను.

బెలూను పైకి పోయిన కథ ఇది. దిగి వచ్చిన పరికరము ఎవరి చేనిలో పడునన్నది వేరొక కథ. ఎగురవేసినపుడెల్ల కేంద్రమువారు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల ప్రజలకు ప్రకటన చేయుదురు: రంగుల గొడుగునకు పొడుగుపాటి త్రాడుతో వ్రేలాడుచు పరికరము దిగవచ్చును, ముట్టుకొనరాదు, కొన్నింటిలో తీవ్రమైన విద్యుత్తుండును, సమీపపు పోలీసు ఠాణాకు తెలుపవలెను అని. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతమున ఒక పెద్ద తెల్లని గోళమువంటిది దిగినపుడు చుట్టుపట్ల జనమంతయు మూగి, పరలోకవాసులు లోపల నున్నారని కొందరు, లేరని కొందరు తర్కించుకొనిరి. అది స్పెయిన్ దేశపు సంస్థయొకటి మనుష్యులను యెత్తునకు విహారము తీసికొనిపోవుటకు తయారుచేయుచున్న పెట్టె. విహారమే, మరల!

ఈ ప్రకటనలో పరిశోధకులు తరచుగా విస్మరించు వాక్యమొకటి కలదు. పరికరము జాడ తెలిపినవారికి తగిన పారితోషికమును, తంతి, టెలిఫోను, రవాణా ఖర్చులును చెల్లింతుమని, కదల్చి పాడుచేసినచో మాత్రము పారితోషికము లేదని అందున్నది. ఈ శాస్త్రమున సంక్షిప్తపత్రము, సిఫారసులేఖ, వీసా, గడువుతేదీ ఇవేవియు లేకయే ప్రయాణవ్యయము దొరకు అవకాశము నాకు తెలిసినంతలో ఇది యొక్కటే. ఆసక్తి గలవారు చేనికి పోవునపుడు ఫోనులో ఛార్జింగు చూచుకొనవలెను. కొల్లాపూరు ఠాణా నంబరు ముందే వ్రాసి పెట్టుకొనవలెను. ఠాణాకు పోయి వచ్చిన బస్సు టికెట్లు రెండును పారవేయరాదు.