కంపెనీవాళ్ళు వస్తారని

మా ఆర్కెస్ట్రా పేరు ఇక్కడ రాయను. రాసినా మీరు విని ఉండరు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అల్లపల్లిలో మొదలై సిరొంచ దాకా పెళ్ళిళ్ళలో, గణపతి మండపాల్లో, దుర్గమ్మ నవరాత్రుల్లో వాయించిన గుంపు మాది. ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఒక ఢోలక్, ఇద్దరు పాడేవాళ్ళు, అద్దె సౌండు బాక్సులు, ఎవరి చుట్టమో నడిపే పికప్ బండి. కీబోర్డు నేనే, మేనేజరు నేనే. తెలివితక్కువ నిర్ణయాలన్నీ కూడా నావే.

మొదటిది బ్యానరు. మా ఊరి పేరు వేస్తే రేటు రాదని "హైదరాబాద్ వారి ఆర్కెస్ట్రా" అని కొట్టించాను. అప్పటికి నేను హైదరాబాదు ముఖం చూసిందే లేదు. అంకిసలో ఒక పెళ్ళిలో పిల్ల తండ్రి దగ్గరికొచ్చి, "హైదరాబాదుల ఏడుంటరు బాబూ?" అని అడిగాడు. దిల్‌సుఖ్‌నగర్ అన్నాను. ఆయన తాపీగా వక్క నములుతూ, "బామ్నిల మీ మేనమామ నాకు బావ వరుస. మీ నాయిన అల్లపల్లి డిపోల దుంగలెత్తిండు. ఇగ బువ్వ తిను పో" అన్నాడు. అప్పుడైనా బ్యానరు మార్చాల్సింది. మార్చలేదు. రేటూ పెరగలేదు.

అల్లపల్లి అంటే బయటివాళ్ళకు టేకు. 2023లో అయోధ్య రామాలయానికి పోయిన టేకు కూడా మా అడవిదే, బల్లార్షా డిపో మీదుగా ఊరేగింపుతో వెళ్ళింది. మా కర్రకున్న పేరు మా పాటకు లేదని నాకు ఎప్పటినుంచో కడుపుమంట. ఏదో ఒకరోజు ఆడియో కంపెనీవాళ్ళు కారులో వస్తారు, సంతకం పెట్టించుకుని తీసుకుపోతారు, అందాకా ఈ ఊళ్ళన్నీ రిహార్సల్సే అనుకుంటూ బతికాను.

అల్లపల్లి నుంచి సిరొంచకు వంద కిలోమీటర్లు. జాతీయ రహదారి 353సి. నంబరు జాతీయం, గుంతలు స్థానికం. జిమ్మలగట్ట దాటేసరికి కీబోర్డులో ఏవో ఒకటి రెండు మీటలు పలకడం మానేసేవి. ఈ దారిలోనే మూడు భాషలు. అల్లపల్లిలో మరాఠీ పాట అడుగుతారు, అడవి ఊళ్ళలో గోండీ రేలా పాట అడుగుతారు, సిరొంచ దగ్గర పడేకొద్దీ తెలుగే. నేనేమో అంతటా చిరంజీవి పాటలే వాయించేవాణ్ణి. ఒక అడవి ఊళ్ళో రేలా అడిగితే "మాది మోడరన్ ఆర్కెస్ట్రా" అని చెప్పాను. వాళ్ళేం కోప్పడలేదు. మేం ఆపాక తమ డోళ్ళు తెచ్చుకుని తెల్లవార్లూ ఆడారు. మేం బాక్సులకు ఆనుకుని నిద్రపోయాం. తర్వాత టీవీలో 'రేలా రే రేలా' అని కార్యక్రమం వచ్చి, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ కూర్చుని జానపదం వింటుంటే నాకు గుండె ఆగినంత పనయింది. అదే ఊరికి పరుగెత్తి రేలా నేర్పమన్నాను. ఒక ముసలమ్మ, "మీది మోడరన్ గద బిడ్డా" అంది.

వడసాలో చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. గడ్చిరోలి జిల్లాలో రైలు ఆగే ఊరు అదొక్కటే. ఝాడీపట్టి అనే మా అడవి ప్రాంతపు నాటకాల కంపెనీలన్నీ అక్కడే దుకాణాలు తెరిచి కూర్చుంటాయి. వరి కోతలయ్యాక, దీపావళి దాటితే ఊరూరా నాటకం. రాత్రి మొదలైతే తెల్లారే దాకా. టిక్కెట్టు కొని మరీ చూస్తారు. ఒక కంపెనీ ఆయన సీజనంతా కీబోర్డు వాయించమని అడిగాడు, భోజనం వాళ్ళదే, డబ్బులు ఏ రాత్రివి ఆ రాత్రే. "నాటకాలకు వాయించను, మాకు హైదరాబాదులో మాటలు నడుస్తున్నాయి" అన్నాను. ఏ మాటలూ నడవడం లేదు. మా ప్యాడ్ కుర్రాడు మాత్రం వెళ్ళాడు, ఇప్పటికీ అక్కడే వాయిస్తున్నాడు. ఆ నాటకాల్లోనే అయిదు వేల ప్రదర్శనలిచ్చిన మా జిల్లా నటుడు పరశురాం ఖుణేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కోసం ముంబయి నుంచి ఏ కారూ రాలేదు.

ఇక సీడీ. సిరొంచ నుంచి కాళేశ్వరానికి గోదావరి మీద వంతెన పడకముందు సామానంతా నావలో దాటించేవాళ్ళం. బాక్సులు తడవకుండా పెళ్ళివాళ్ళ జంపఖానాలు కప్పి, కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ రేవు మీద, నావ నడిపేవాడి మీద మా యాసలోనే ఒక పాట కట్టాం. నిజం చెప్పాలంటే మేం చేసిన ఒకే ఒక్క మంచి పని అది. మా ఆవిడ పుస్తెల తాడు కుదువపెట్టి మంచిర్యాలలో రికార్డు చేయించి, డబ్బాల కొద్దీ సీడీలు కొట్టించాను. అప్పటికే జనం ఫోనుల్లో వింటున్నారు, నేను చూసుకోలేదు. సిరొంచలో ఒక మొబైల్ షాపతను మెమరీ కార్డులు నింపుతూ మా పాట అందరికీ ఊరికే వేసి ఇచ్చాడు. ఆటోల్లో అదే, కల్లు మండువలో అదే. పెళ్ళిళ్ళకు మమ్మల్ని ఆ పాట పేరుతోనే పిలిచారు.

నేనేం చేశాను? దొంగతనం చేస్తున్నావంటూ షాపు మీదికి పోయి రచ్చ చేశాను. రేపు కంపెనీవాళ్ళు హక్కులు అడిగితే ఏం చెప్పాలి అని అరిచాను. పోలీసుల పేరెత్తాను. పాపం, అతను భయపడి నా ముందే కంప్యూటర్లోంచి పాట తీసేశాడు. నేను ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను. ఆ ఏడు గడిచేసరికి ఆటోల్లో వేరే పాట.

సీడీలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. మా ఆవిడ వాటిని దారానికి గుచ్చి మిరపతోటలో పిట్టల్ని బెదిరించడానికి కట్టింది. ఎండకూ వానకూ పొరలు లేచిపోయాయి. మంచిర్యాల స్టూడియో మూతపడింది. రెండో చరణం పాడినవాడికీ గుర్తులేదు, రాసిన నాకూ గుర్తులేదు.

సిరొంచ తాలూకాలో ఎవరి పాత మెమరీ కార్డులోనైనా రేవు పాట మిగిలి ఉంటే, దయచేసి అల్లపల్లికి పంపండి. కాపీకి ఎంతడిగితే అంత ఇస్తాను.