ఏ చుట్టానికి ఏ కొండ

ఇంగ్లండు ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ కొండల అంచున కెండల్ అని చిన్న ఊరు. అక్కడ కాపురం పెట్టినవాడికి చుట్టాల కొరత ఉండదు. వేసవి వచ్చిందంటే విజయవాడ నుంచో నరసరావుపేట నుంచో ఎవరో ఒకరు దిగుతారు. లండన్‌లో గడియారం గోపురం, రాజుగారి కోట చూడటం అయ్యాక రైలెక్కి మా ఇంటికొచ్చి, సూట్‌కేసు విప్పి ఆవకాయ సీసా చేతిలో పెట్టి, “ఇక మీ కొండలేవో చూపించు” అంటారు. కొండలు నావి కావు. కానీ ఆవకాయ పుచ్చుకున్నాక ఆ మాట పైకి అనలేం.

గైడు పుస్తకాలు లేక కాదు నా బాధ. ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ అనే మహానుభావుడు మా ఊరి మునిసిపాలిటీలోనే ట్రెజరర్‌గా పనిచేశాడు. కారు నడపడం రాదు. సెలవు దొరికితే బస్సెక్కి పోవడం, కొండెక్కడం, ఇంటికొచ్చి ఆ దారంతా బొమ్మ గీసి పక్కన చేత్తో వివరం రాసుకోవడం. అలా 214 కొండలు, ఏడు పుస్తకాలు. మొదటిది 1955లో, ఏడోది 1966లో వచ్చాయి. ఆయన చేతిరాతనే యథాతథంగా అచ్చు వేశారు. ఏ బండ జారుతుందో, ఏ గోడ దగ్గర మళ్లుకోవాలో అన్నీ ఉన్నాయి అందులో. చుట్టాల ప్రస్తావన మాత్రం లేదు. పెద్దాయనకు ఒంటరిగా నడవడమే ఇష్టం మరి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని ఎక్కడికి తీసుకెళ్లాలి, పులిహోర డబ్బా ఏ మలుపులో విప్పాలి, బాత్‌రూం ఎంత దూరం లాంటి ప్రాణావసరమైన సంగతులు ఆయనకు తట్టలేదు. ఆ లోటు నాలాంటివాళ్లు పూడ్చాలి.

అత్తగార్లకు టార్న్ హౌస్. ఇది కొండ కాదు, కొండల మధ్య చెరువు. చుట్టూ చదునైన బాట, మూడు కిలోమీటర్లకు లోపే. చక్రాల కుర్చీలు కూడా పోతాయి. పీటర్ రాబిట్ కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ 1930లో ఈ చుట్టుపక్కల భూమి కొని, తర్వాత నేషనల్ ట్రస్ట్‌కు చేరేలా చూసింది. మా అత్తగారికి ఇవేమీ పట్టలేదు. పట్టుచీర మీద మా ఆవిడ కోటు, సాక్సుల మీద వేలిచెప్పులు వేసుకుని చెరువు కుడిచేతి వైపు ఉండేలా బయలుదేరారు. ఎదురొచ్చిన ఇంగ్లీషు దంపతుల్ని చూసి, “పాపం, అప్రదక్షిణంగా తిరుగుతున్నారు, చెప్పకూడదా అల్లుడుగారూ” అన్నారు. నేను చెప్పలేదు. వాళ్లు నవ్వుతూ “మార్నింగ్” అని వెళ్లిపోయారు.

రైలుకు రెండు గంటలే టైముందనే చుట్టాలకు ఆరెస్ట్ హెడ్. విండర్‌మియర్ స్టేషన్ ఎదురుగా మొదలవుతుంది, ఎత్తు 238 మీటర్లు, చులాగ్గా ఎక్కేయొచ్చు. 1930లో ఇరవై మూడేళ్ల వెయిన్‌రైట్ మిల్లుల పొగ నిండిన బ్లాక్‌బర్న్ నుంచి వచ్చి మొట్టమొదట ఎక్కింది దీన్నే. ఇక్కణ్ణుంచి కనబడ్డ చెరువులూ శిఖరాలూ ఆయన జీవితాన్నే తిప్పేశాయి. మా చుట్టాల జీవితాలు ఇంతవరకు తిరగలేదు గాని వాళ్ల వాట్సాప్ ఫొటోలు మాత్రం మారాయి.

కాస్త కాలూ చెయ్యీ ఆడేవాళ్లకు క్యాట్‌బెల్స్. కెజిక్‌లో పడవెక్కి డర్వెంట్ వాటర్ దాటి, అవతలి ఒడ్డున దిగి ఎక్కాలి. 451 మీటర్లు. ఇక్కడే టైము లెక్క వస్తుంది. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: మూడు మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఇప్పటికీ అందరూ ఆ లెక్కే కడతారు. దాని ప్రకారం క్యాట్‌బెల్స్ పైకి గంట చాలు. నెయిస్మిత్‌గారు మా పిన్నితో నడవలేదు. ఆ గంటకు తోడు కుచ్చిళ్లు సర్దుకోవడం, ఫొటో, ఆ ఫొటోలో కళ్లు మూసుకున్నందుకు మళ్లీ ఫొటో, సిగ్నలు దొరికినచోటల్లా విజయవాడకు వీడియో కాల్ కలుపుకోవాలి. ఇక్కడ పొద్దున పదకొండైతే అక్కడ మధ్యాహ్నం మూడున్నర, అందరూ నిద్ర లేచి ఖాళీగా ఉండే వేళ. ఒక్కొక్కరికీ కొండ చూపించాలి. తర్వాత చెరువు. తర్వాత నన్ను, చిక్కిపోయానో లేదో తేల్చడానికి.

శిఖరం ముందు నున్నటి బండలుంటాయి, చేతులు ఆనించి ఎక్కాలి. పిన్నికి చెయ్యందిద్దామని వంగాను. ఆవిడ చెంగు నడుముకు దోపి, నా చెయ్యి పక్కకు తోసి, బండ సందులో కాలు పెట్టి మూడు అంగల్లో పైకెళ్లి కూర్చుంది. చిన్నప్పుడు చింతచెట్లెక్కిన మనిషి. వెనకాల మా బావమరిది, వెల చెప్పుకోడానికి సిగ్గుపడేంత ఖరీదు బూట్లతో, ఏ కాలు ముందు పెట్టాలో ఆలోచిస్తున్నాడు. పైకొచ్చాక పిన్ని నలువైపులా చూసి, “గుడేదిరా?” అంది. లేదన్నాను. “మరి ఇంతమంది ఎందుకెక్కుతున్నారు?” నా దగ్గర జవాబు లేదు. పులిహోర డబ్బా తీశాను.

ఇక రెవెన్యూలో చేసి రిటైరైన బాబాయి. ఆయనకు కొండలక్కర్లేదు, మ్యాపు చాలు. ఆర్డ్‌నెన్స్ సర్వేవారి మ్యాపు లేక్ డిస్ట్రిక్ట్‌కు నాలుగు షీట్లు. భోజనాల బల్ల మీద ఒకటి పరిచానో లేదో, కళ్లజోడు పైకి నెట్టి, గోడ గోడకూ వేలు పెట్టి చదవడం మొదలెట్టారు.

“ఈ పచ్చ చుక్కల గీతేమిట్రా?”

“కాలిబాట బాబాయ్.”

“పట్టా భూమి మధ్యలోంచా?”

“అవును.”

“రైతు ఊరుకుంటాడా?”

ఊరుకోక తప్పదు. కౌన్సిల్ దగ్గరుండే అసలు మ్యాపులో ఆ బాట ఎక్కిందంటే ఎవరైనా నడవొచ్చు, రైతు మూయడానికి వీల్లేదు, గేటో గోడమెట్టో ఉండి తీరాలి. బాటలు సరే, కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం అంత తేలిగ్గా రాలేదు. 1932లో ఇక్కడికి దక్షిణాన పీక్ డిస్ట్రిక్ట్‌లో వందలమంది కార్మికులు దొరల వేటభూముల్లోకి కావాలని చొరబడ్డారు. ఐదుగురు జైలుకెళ్లారు. దాదాపు డెబ్బై ఏళ్లకు, 2000లో, ఆ హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. అదంతా విని బాబాయి నిట్టూర్చి, “మా మండలంలో డొంక రోడ్డు ఆక్రమణ ఒక్కటి తేల్చడానికి నా సర్వీసంతా పట్టిందిరా. తేలలేదు” అన్నారు.

మర్నాడు ఆ బాటలన్నీ నిజంగా ఉన్నాయో లేదో మోకా తనిఖీ చేయాలన్నారు. వెళ్లాం. సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండ నెత్తిదాకా ఉంటాయి. బాబాయి ఒక గోడను చేత్తో నెట్టి చూసి తలాడించారు. గోడ దాటాక గొర్రెలు. హెర్డ్‌విక్ అంటారు, బూడిదరంగు ఒళ్లు, తెల్లటి మొహం. ఒంటి మీద ఎర్రగానో నీలంగానో గుర్తులు. ఎవరి గొర్రెకు ఏ గుర్తు, ఎవరికి చెవి ఎలా కోస్తారు అన్నదానికి అచ్చు పుస్తకం ఉంది, మొదటిది 1817లోనే వేశారు. ఉమ్మడి కొండ మీద కంచె లేకపోయినా ఏ మంద హద్దులో ఆ మంద మేస్తుంది. తల్లి దగ్గర పిల్ల నేర్చుకుంటుంది. బాబాయి చాలాసేపు ఆ గొర్రెల్నే చూస్తూ నిలబడ్డారు. “గొర్రెలకు అడంగల్! హద్దు తగాదా లేని పోరంబోకు!” అన్నారు. అంత ఆనందం ఆయన మొహంలో కూతురి పెళ్లిలో కూడా చూడలేదు నేను.

ఈ కొండల్లో దారిన పోయేవాళ్లు పలకరిస్తే వాన గురించి ఒక ముక్క అని కదిలిపోవాలి. ఆ సంగతి బాబాయికి చెప్పలేదు. యార్క్‌షైర్ పెద్దాయన ఒకడు “లవ్లీ డే” అన్నాడు. పావుగంటలో ఆయన ఉద్యోగం, పెన్షను, పిల్లలెంతమంది, ఇల్లు సొంతమా అద్దా, అన్నీ తేలిపోయాయి. విడిపోయేటప్పుడు ఆయనే బాబాయి చెయ్యి వదల్లేదు.

బావమరిదికి మాత్రం స్కాఫెల్ పైక్ కావాలి. ఇంగ్లండులో అన్నిటికంటే ఎత్తు, 978 మీటర్లు. “మన కొండలతో పోలిస్తే చిన్నదే కదా బావా” అన్నాడు. సీత్‌వెయిట్ దగ్గర మొదలెట్టాం. ఇంగ్లండులో జనం ఉండే చోట్లలో ఇంతకంటే ఎక్కువ వాన పడే ఊరు లేదు, ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైమాటే. కృష్ణా జిల్లాకు మూడేళ్లు సరిపోయే వాన. అందులో తన వాటా బావమరిది ఆరోజే తీసుకున్నాడు. పైన పెద్ద రాళ్ల దిబ్బ, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన స్థానికుల పేర ఈ శిఖరాన్ని జాతికిచ్చారని చెప్పే ఫలకం, మిగతాదంతా మబ్బు. దిగేటప్పుడు ఉషారుగా, సంచి పట్టీకున్న విజిల్ కండక్టర్ ఫక్కీలో ఊదబోయాడు. గబుక్కున లాక్కున్నాను. నిమిషంలో ఆరుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం. కొండ రక్షణ దళంలో వాళ్లంతా జీతం లేని వాలంటీర్లు, అన్నం ముందునుంచి లేచి వస్తారు.

ఇంటికొచ్చేసరికి బాబాయి ఫోన్లో ఉన్నారు. పగలంతా మా హాల్లో హీటరు పక్కన కూర్చున్న మనిషి, విజయవాడలో ఎవరికో స్కాఫెల్ పైక్ మీద గాలి ఎలా తోసిందో వర్ణిస్తున్నారు. ఫోను పెట్టేశాక ఆయనకు విల్ రిట్సన్ కథ చెప్పాను. రెండు వందల ఏళ్ల కిందట పుట్టి, ఆ కొండ పక్కనే వాస్‌డేల్‌లో సత్రం నడిపినవాడు. మా టర్నిప్ దుంపలు ఎంత పెద్దవంటే తొలిచి గొర్రెల దొడ్లుగా వాడుకుంటాం అని యాత్రికులకు చెప్పేవాడట. ఆయన పేరు మీద సాంటన్ బ్రిడ్జ్‌లో నవంబరులో ప్రపంచ అబద్ధాలకోరు పోటీ పెడతారు. అందులో రాజకీయ నాయకులకూ వకీళ్లకూ ప్రవేశం లేదు, వాళ్లది మరీ ఆరితేరిన చెయ్యని.

బాబాయి కాసేపు గడ్డం గోక్కున్నారు. వీసా నవంబరు దాకా ఉందట. రిటైరైన తహసీల్దార్ల మీద కూడా నిషేధం ఉందేమో కనుక్కోమన్నారు.