కొలువు సర్కారుది, బడి ప్రైవేటుది

హైదరాబాద్‌లో అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం బల్లల మీద ఏళ్లతరబడి కుస్తీ పడుతున్నవాళ్లలో చాలామంది గురి సర్కారు బడి మీదే. చదువుకోవడానికి కాదు లెండి, చదువు చెప్పడానికి. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 టీచర్ పోస్టులకు రెండు లక్షలకు మించి దరఖాస్తులొచ్చాయి. టెట్, డీఎస్సీ అనే రెండు జల్లెళ్లలో నెగ్గినవారు సర్కారు బడికి వెళ్తారు. నెగ్గనివారిలో ఎందరో అరకొర జీతానికి ప్రైవేటు బడిలో చేరతారు. సర్కారు వద్దన్న ఆ పాఠాన్నే తల్లిదండ్రులు అప్పు చేసి మరీ కొనుక్కుంటారు!

‘సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం ఉండదు కదా’ అంటారా? 2022-23లోనే ఎనిమిదో తరగతి దాకా మొదలైంది. ‘మరుగుదొడ్డి సరిగా ఉండదు, ఐదు తరగతుల్ని ఇద్దరు టీచర్లే లాక్కొస్తారు’ అంటే మాత్రం తల దించుకోవాల్సిందే, చాలాచోట్ల అది నిజం. కానీ నిలదీయగల గొంతున్న తల్లిదండ్రులంతా నారాయణగూడ సందుల్లో ప్రైవేటు బడి పసుపు బస్సు కోసం నిలబడితే, సర్కారు బడిలో నల్లా ఎందుకు రాలేదని అడిగేదెవరు? ఈ కిటుకు పసిగట్టిన అలహాబాద్ హైకోర్టు, ఉత్తరప్రదేశ్‌లో ఖజానా జీతం తీసుకునేవాళ్లంతా తమ పిల్లల్ని సర్కారు బడికే పంపాలని 2015లో తీర్పిచ్చింది. ఆ తీర్పు ఇంతవరకు ఏ బడిలోనూ అడ్మిషన్ తీసుకున్న జాడ లేదు.

అశోక్‌నగర్ అభ్యర్థి కల మాత్రం చెక్కుచెదరలేదు: సర్కారు బడిలో టీచరవ్వాలి, ఆ జీతంతో పిల్లల్ని మంచి ప్రైవేటు బడిలో వేయాలి.