కనబడని వెలుగు: ఒక ట్యూబులైటు ఆత్మకథ

తన జీవితాన్ని ఇక్కడ చెప్పుకుంటున్న ఈ దీపం చూపుకు మామూలు ట్యూబులైటులాగే ఉన్నా, అది తయారైనది మనుషుల గదులకు వెలుగివ్వడానికి కాదు. బెర్లిన్‌లోని ఒక ఇంట్లో, జాలీ గూటిలో పెరుగుతున్న ఊసరవెల్లికి సూర్యుడి బదులు నిలవడానికి. గాజుగొట్టంలోని పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు పుట్టే కిరణాలను లోపలి ఫాస్ఫర్ పూత, అంటే ఒక రకం కాంతిని పీల్చి మరో రకంగా వదిలే పొడి, కొంత కంటికి కనిపించే వెలుగుగానూ, కొంత 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత ‘బి’ కిరణాలుగానూ మారుస్తుంది. కిటికీ అద్దాలు ఈ కిరణాలను అడ్డగిస్తాయి కనుక గొట్టానికి వాటిని బయటికి పోనిచ్చే ప్రత్యేకమైన గాజు వాడతారు. ఈ దీపానికి ఆ నగరంలోనే ఒక పూర్వీకురాలు ఉంది: రికెట్స్‌తో, అంటే ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోయే వ్యాధితో బాధపడుతున్న పిల్లలకు 1919లో కుర్ట్ హుల్డ్‌షిన్స్కీ అనే వైద్యుడు పాదరస దీపపు కాంతితోనే నయం చేశాడు.

ఆ ఊసరవెల్లిది యెమెన్, నైరుతి సౌదీ అరేబియా ప్రాంతాల జాతి. తలపై ముసుగులా నిలిచే ఎత్తైన శిఖ దాని గుర్తు. తెలుగు నేల మీది ఊసరవెల్లి దీనికి దగ్గరి బంధువే గాని, దాన్ని పట్టి ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఈ జీవుల చర్మంలోని ఒక కొవ్వు పదార్థం ‘బి’ కిరణాలు సోకి, ఒంటి వెచ్చదనం తోడై, డి3 విటమిన్‌గా మారుతుంది. ఆపై కాలేయంలోనూ మూత్రపిండాలలోనూ రూపు మార్చుకుని, తిన్న కాల్షియంను పేగులు పీల్చుకునేలా చేస్తుంది. ఆ విటమిన్ కరవైతే, రక్తంలో కాల్షియం మట్టాన్ని కనిపెట్టుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు, ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టినట్టు, ఎముకల్లోని కాల్షియంను తోడి రక్తంలోకి పంపుతాయి. పెంపకందారులు మెటబాలిక్ బోన్ డిసీజ్ అనే జబ్బుకు ప్రధానమైన మూలం ఇదే. ఆహారంగా వేసే కీచురాళ్లలో కాల్షియం కంటే భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండటం ఈ నష్టాన్ని ఇంకా పెంచుతుంది.

ఈ దీపం చేసిన ద్రోహం, తెలిసి చేయకపోయినా ద్రోహమే, ఇక్కడే మొదలైంది. ఫాస్ఫర్ పూత వాడుకలో అరిగిపోతూ ఉంటుంది కనుక ఇటువంటి దీపాలను రకాన్నిబట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. కాని ‘బి’ కిరణాలు తగ్గిపోయాక కూడా తెల్లని వెలుగు వెలుగుతూనే ఉంటుంది. రెండో శీతకాలంలోనూ ఈ దీపం రోజూ పన్నెండు గంటలు నిండుగా వెలిగింది, యజమానురాలు దాన్ని నమ్మింది. డి3 తక్కువగా అందిన, పాంథర్ అనే మరో జాతి ఊసరవెల్లులు అతినీలలోహిత కాంతి కిందికి ఎక్కువగా చేరతాయని 2009లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. ఈ గూటిలోని ప్రాణి కూడా పై కొమ్మకు ఎక్కి, ఒళ్లు చదునుగా విప్పి, తన పక్కను దీపం వైపు తిప్పి గంటల తరబడి కూర్చునేది. అది వెతుక్కుంటూ వచ్చినది ఇవ్వడానికి దీపం దగ్గర ఏమీ మిగల్లేదు.

మొదట ఊసరవెల్లి పట్టు సడలింది, తరువాత ముంజేతులు విల్లులా వంగాయి, దవడ మెత్తబడింది; కండరాలు కదలడానికీ కాల్షియమే కావాలి కనుక నాలుక విసరడం కూడా తప్పిపోసాగింది. ఒక రాత్రి అది కొమ్మ మీది నుంచి జారి పడింది.

పశువైద్యుడు తీసిన ఎక్స్‌రేలో ఎముకలు నీడల్లా పలచగా కనిపించాయి. వైద్యుడు మీటరుతో కొలిపించగా ఈ దీపం నుంచి వచ్చే ‘బి’ కిరణాలు దాదాపు లేవని తేలింది. ఆ రోజే కొత్త దీపం అమరింది, ఇది గది మూలనున్న అట్టపెట్టెలో చేరింది. అక్కడి నుంచే మిగతా కథ చూసింది. కొమ్మలన్నీ నేలకు దగ్గరగా దిగాయి, పడినా దెబ్బ తగలకుండా కింద మెత్తని గుడ్డలు పరుచుకున్నాయి. నోటి ద్వారా ఇచ్చే కాల్షియం ద్రావణాన్ని యజమానురాలు చుక్కలు చుక్కలుగా పోసేది, పెళుసు ఎముకలు విరుగుతాయన్న భయంతో ఊసరవెల్లిని పట్టుకోకుండా కొమ్మతో సహా ఎత్తేది. విటమిన్ మందును మాత్రం వైద్యుడు చాలా జాగ్రత్తగా వాడాడు, ఎందుకంటే మోతాదు మించిన డి3 మెత్తని అవయవాల్లో కాల్షియం పేరుకునేలా చేస్తుంది. కాంతి వల్ల చర్మంలో తయారయ్యే డి3కి మాత్రం సహజంగానే ఒక హద్దు ఉంటుంది. కీచురాళ్లకు ముందుగా ఆకుకూరలు మేపి, ఆపై కాల్షియం పొడి అద్ది వేయడం అలవాటైంది.

వంగిన ముంజేతులు మళ్లీ తిన్నగా కాలేదు, కావు కూడా. గట్టిపడ్డ ఎముక గట్టిపడిన ఆకారంలోనే ఉండిపోతుంది. వసంతంలో ఒక ఉదయం కొత్త దీపం కింద కూర్చున్న ఊసరవెల్లి నాలుక జానెడు దూరం సాగి కీచురాయిని అందుకున్నప్పుడు యజమానురాలు చేతిలోని గిన్నె కింద పెట్టి చాలాసేపు అలాగే చూసింది. పాదరసం ఉన్న గొట్టాలను ఇంటి చెత్తలో కలపకూడదు కనుక, ఆ వారంలోనే ఈ దీపాన్ని సేకరణ కేంద్రంలో అప్పగించింది. కొత్త దీపపు చట్రం మీద మాత్రం అమర్చిన తేదీని నల్ల సిరాతో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టింది.