కాబోయే మేనేజరు

సోలాపూర్ నగరంలో కొంతం చౌక్ చుట్టుపక్కల మరమగ్గాల కార్ఖానాలున్న వీధులలో ‘కాబోయే మేనేజరు’ అనే పురుషుడు విరివిగా కనిపిస్తాడు. ఇతడు సాధారణంగా జాబరు, అంటే ఆగిన మగ్గాన్ని బాగుచేస్తూ నేతగాళ్ల పనిని కనిపెట్టుకొని ఉండే మిస్త్రీ. 1877లో నెలకొన్న జూనీ మిల్లు నాటి జాబరుకు కూలీలను పనిలో పెట్టుకునే పెత్తనం కూడా ఉండేదన్న మాట విన్నప్పటి నుంచి, ఆ పెత్తనం తనకు వంశపారంపర్యంగా రావలసిన ఆస్తి అని ఇతడి అభిప్రాయం. పూర్వులు తెలంగాణ పల్లెల నుంచి వలసవచ్చిన పద్మశాలీలు కనుక ఇతడు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పైఊరి వ్యాపారితో హిందీ మాట్లాడతాడు. ఈ మూడు భాషలనే తన ప్రథమ యోగ్యతగా చూపుతాడు గాని, ఆ వీధిలో ఆ మూడూ రానివారు అరుదన్న సంగతి పట్టించుకోడు.

పదవికి తాను సిద్ధమా కాదా అన్న ఆత్మపరీక్షను ఇతడు రోజూ సాయంత్రం చాయ్ బండి దగ్గర బహిరంగంగా జరుపుకుంటాడు. జేబులో రెండు రంగుల కలాలు ఉన్నాయి; కళ్లద్దాలు అవసరం లేకపోయినా చేయించుకున్నాడు; మగ్గాల రొదలో పెరిగినవాడు కాబట్టి గొంతు సహజంగానే పెద్దది. పదవి ఎందుకు కావాలన్న ప్రశ్నకు మాత్రం ‘కార్ఖానా అభివృద్ధి కోసం’ అని జవాబిస్తాడు. నేసినంతకే ముట్టే కూలీకి బదులు నెల జీతం, నిలబడే పనికి బదులు కుర్చీ, ఆ కుర్చీకి పైన ఫ్యాను అన్నవి ఆ అభివృద్ధిలో అంతర్భాగాలు.

కాకినాడ వ్యాపారులలో సాధనాప్రేరణను పెంచే ప్రయోగాన్ని 1964లో చేపట్టిన అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్, 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి రాసిన వ్యాసంలో మేనేజరు పదవికి ఎవరు తగినవారన్న విషయాన్ని నిర్దయగా తేల్చాడు. ప్రతి పనినీ తానే బాగా చేయాలన్న కోరిక సాధనాకాంక్ష. నలుగురికీ ఇష్టుడుగా ఉండాలన్న కోరిక అనుబంధకాంక్ష. ఇతరులను ప్రభావితం చేయాలన్న కోరిక అధికారకాంక్ష. మేనేజరుకు ప్రధానంగా ఉండవలసింది మూడవది, అదీ అదుపులో ఉండి సంస్థ మేలుకు పనికివచ్చేది. రెండవది మితిమీరినవాడు ఒక్కొక్కరికి ఒక్కొక్క మినహాయింపు ఇచ్చి అందరికీ చెడ్డవాడవుతాడు.

అయితే ఈ పండితుడు బావమరుదులు నిండిన కార్ఖానాను లెక్కలోకి తీసుకున్నట్లు కనబడదు. ఇక్కడ మగ్గం మీద ఉన్నవాడు బావ, కండెలు చుట్టేది వదిన, పడుగు చుట్టిన బీములు మోసేవాడు మేనమామ కొడుకు. వీరందరికీ పెళ్లిళ్లకూ, శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవానికీ ఉచల్, అంటే కూలీలో కోసుకునే షరతుమీద ముందుగా ఇచ్చే సొమ్ము, కావాలి. ‘బావ అడిగితే లేదనగలవా?’ అని చాయ్ బండివాడు అడిగితే, ‘అప్పటి సంగతి అప్పుడు చూద్దాం’ అంటాడు. ఆ ఆత్మపరీక్షలో మిగిలిన ప్రశ్నలన్నీ కలిపి ఈ ఒక్కదాని బరువు తూగవు. ఇతడు సమాధానం రాయకుండా వదిలేసే ప్రశ్న కూడా ఇదే.

యజమాని వారం రోజులు తిరుపతికి వెళుతూ తాళాలు ఇతడి చేతిలో పెట్టినప్పుడు స్వభావం పూర్తిగా బయటపడుతుంది. మొదటిరోజు కుర్చీ ఎత్తు సవరించడంతో గడుస్తుంది. రెండవనాడు చద్దరు మీద పువ్వు రావలసినచోట జాకార్డు, అంటే చిల్లుల అట్టలను బట్టి పడుగు పోగులను లేపి డిజైను తీర్చే పరికరం, మొరాయించగానే, కొత్త జాబరుకు పని చెప్పే ఓపిక లేక చొక్కా విప్పి తానే మగ్గం కిందికి దూరతాడు; సరుకు ఎప్పుడు పంపుతారని అడిగే వ్యాపారి ఫోను బల్లమీద మోగుతూనే ఉంటుంది. ఆ వారంలో ఇతడు నిజంగా సంతోషంగా ఉన్నది మగ్గం కింద గడిపిన రెండు గంటలే అని చూసినవారెవరైనా చెప్పగలరు, ఇతడు తప్ప.

యజమాని తిరిగివచ్చి ఖాతా పుస్తకం తెరిస్తే లెక్క పైసాతో సహా సరిపోతుంది. బావకు ఇచ్చిన ఉచల్ ఇతడి పేరుమీదే రాసి ఉంటుంది. లెక్క సరిపోయింది కాబట్టి తాను పదవికి సిద్ధమేనని ఆ సాయంత్రం చాయ్ బండి దగ్గర ఇతడు నిర్ధారిస్తాడు, బావ అవునంటాడు.