కొత్త మేస్టారూ, గోడమీద ప్యానెలూ

ఛాత్రోపాధ్యాయుడికి సాంకేతికత మొదట ఎదురయ్యేది మైక్రో టీచింగ్‌లో. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి మొదలైనప్పుడు కొద్ది నిమిషాల పాఠాన్ని వీడియో తీసి, చెప్పినవాడికే చూపించేవారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బీఈడీ కాలేజీలకు చేరేసరికి వీడియో తగ్గి నటన పెరిగింది. పాతికేళ్లవాళ్లు ఆరో తరగతి పిల్లలై కూర్చుని, ‘మొక్క ఏటి తింటాది మేస్టారూ?’ అని అమాయకంగా అడుగుతారు. వెనక బెంచీ నుంచి ఎవరో సెల్లో తీసిన వీడియో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. స్టాన్‌ఫర్డ్ ఉద్దేశం ఆ రకంగా నెరవేరుతుంది.

అసలు పరీక్ష బడిలో చేసే ఇంటర్న్‌షిప్. 2015లో బీఈడీ రెండేళ్లదయ్యాక దీనికి 20 వారాలు కేటాయించారు. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘నాడు-నేడు’ పథకం పుణ్యమా అని ఉన్నత పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వెలిశాయి. ప్యానెల్ తరగతిలోనే ఉంటుంది. రిమోటు హెచ్చెం గారి బీరువాలో ఉంటుంది. బీరువా తాళం హెచ్చెం గారి దగ్గర ఉంటుంది. హెచ్చెం గారు కాంప్లెక్సు మీటింగులో ఉంటారు.

తెర వెలిగిన రోజున ఇంకో చిక్కు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తున్న గుండె వీడియోలో రక్తం ఎడమ కర్ణికలోకి చేరబోతుండగా బంగారం మీద అప్పిస్తామంటూ ప్రకటన దూరుతుంది. ‘స్కిప్’ ఎక్కడుందో కొత్త మేస్టారు వెతికేలోగా ముందు బెంచీ గుంటడొకడు లేచి, నొక్కేసి, వెళ్లి కూర్చుంటాడు. చివర్లో గుండెకు గదులెన్నని అడిగితే నాలుగు చేతులు లేస్తాయి. వడ్డీ ఎంతని అడిగితే తరగతంతా చెబుతుంది.

సీతంపేట, కురుపాం ఏజెన్సీలో ఆ బెడద తక్కువ. చాలాచోట్ల సిగ్నలే అందదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపిస్తే, 2017లో వచ్చిన ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక ‘దీక్ష’లోని పాఠం తెరుచుకోవాలి. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా ఛాత్రోపాధ్యాయుడు బయటికెళ్లి ఓ ఆకు తెంచుకొచ్చి ఈనెలు చూపిస్తాడు. ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు ఆ చెట్టు పేరు తమ మాటలో చెప్పి, ఆయనచేత పలికించి నవ్వుతారు. ఇది పాఠ్యపథకంలో లేదు గనుక రికార్డుకెక్కదు.

నిజానికి సాంకేతికతకు చేతినిండా పని దొరికేది రికార్డులోనే. తెరమీద వేలు పెట్టి నిలబడ్డ ఫొటో తప్పనిసరి. ప్యానెల్ ఆగిపోయి ఉన్నా ఫొటోకి ఇబ్బంది లేదు. పాఠ్యపథకాలు మాత్రం చేత్తోనే రాయాలి. నిరుటి సీనియర్ రికార్డు పీడీఎఫ్‌గా ఫోన్లో ఉంటుంది. తేదీలు మార్చి దింపేస్తే సీనియర్ అక్షరదోషాలు కూడా భద్రంగా తరువాతి బ్యాచికి అందుతాయి.

ఫైనల్ లెసన్ నాటికి ప్యానెల్, ల్యాప్‌టాప్, స్పీకరు సిద్ధం. బల్లకింద చుట్టిపెట్టిన చార్టు, జేబులో రెండు సుద్దముక్కలు కూడా సిద్ధం. సరిగ్గా ‘ఉపోద్ఘాతం’ దగ్గర కరెంటు పోతుంది. ఎగ్జామినర్ కిటికీ వైపు కుర్చీ జరుపుకుని, ‘పర్లేదు బాబూ, కానియ్యి’ అంటారు.